మేకుకు తగిలించిన స్కేలు

ఆయన్ని చూసి నేను ఆరేళ్లు ఏడ్చాను. పైకి తెలియకుండా ఏడ్చాననుకున్నాను గానీ, మా ఆవిడకి మొదటి నెలలోనే తెలిసిపోయింది. "ఆ గోపన్‌పల్లి ఆయన గురించి మాట్లాడినంతసేపు, నాతో పెళ్లిచూపుల్లో కూడా మాట్లాడలేదండీ మీరు" అనేది అన్నం వడ్డిస్తూ. నేను కంచంలోకి చూస్తూ పచ్చడి అడిగేవాడిని.

అది డెబ్బైల మొదట్లో మాట. లింగంపల్లి స్టేషనుకి అవతల ఒక పెద్ద ఫ్యాక్టరీలో నాకు సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి డిప్లొమా సర్టిఫికెట్టు, ఒక ట్రంకుపెట్టె, కొత్త పెళ్లాంతో దిగాను. క్వార్టర్సు దాటితే బండరాళ్లు, సీతాఫలం చెట్లు, అక్కడక్కడా ద్రాక్షతోటలు. ప్రత్యేక తెలంగాణ గొడవలు అప్పటికి సద్దుమణిగాయి గానీ, నేను నోరు తెరిచి 'అండి' అనగానే అవతలివాడు ఒక్క క్షణం ఆగి "ఏ ఊరు సార్ మీది?" అని అడిగేవాడు. నాకూ ఒక అలవాటు పడింది. ఎవరు ఏమడిగినా ముందు నా డిప్లొమా సంగతి చెప్పేవాడిని.

మాది పాటర్న్ షాపు. ఇనుమో ఉక్కో కరిగించి పోయాలంటే ముందు ఇసుకలో అచ్చు తీయాలి. అచ్చు తీయాలంటే ఆ ఆకారంలో ముందుగా ఒక చెక్క నమూనా కావాలి. ఆ నమూనాలు చేసేది మేము. ముప్పై మంది పనివాళ్లు, ఇద్దరు సూపర్‌వైజర్లు, పైన ఒక ఫోర్‌మన్. సూపర్‌వైజర్లలో ఒకడిని నేను. రెండోవాడు ఆయన.

ఆయనది గోపన్‌పల్లి. తాతల నాటి నుంచి నాగళ్లు, బండి చక్రాలు చేసిన ఇల్లు. ఫ్యాక్టరీ పెట్టినప్పుడు పనివాడుగా చేరి, ఉలి పట్టుకున్న చేత్తోనే సాయంత్రం చదువులు చదివి, ఏదో సర్టిఫికెట్టు సంపాదించి సూపర్‌వైజరయ్యాడు. ఇంగ్లీషు డ్రాయింగు చదవగలడు గానీ కూడబలుక్కుని చదివేవాడు. పొట్టిమనిషి. గొంతు కూడా పెద్దది కాదు. ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు ఏ భయమూ కలగలేదని ఒప్పుకోవాలి.

రెండేళ్లకి ముసలి ఫోర్‌మన్ రిటైరవుతున్నాడని తెలిసింది. ఆ కుర్చీ నాదేనని నేను ఖాయం చేసుకున్నాను. షాపు మూలన అద్దాల గది, దానిలో సీలింగు ఫ్యాను, గుండ్రటి పేపరు వెయిట్లు ఉన్న బల్ల. ఆ బల్లని తలుపు వైపు తిప్పుకోవాలా, కిటికీ వైపు తిప్పుకోవాలా అని నేను నెల రోజులు ఆలోచించాను. మా నాన్నగారికి ముందుగానే ఉత్తరం రాసేశాను కూడా. ఆయన ఊరంతా చెప్పుకున్నారు. ఆర్డరు వచ్చిన రోజున చూస్తే అందులో ఉన్నది గోపన్‌పల్లి ఆయన పేరు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చదువు లేనివాడికి, నాకంటే ఇంగ్లీషు రానివాడికి ఇస్తారా అని ఇంటికొచ్చి అరిచాను. స్థానికుడని ఇచ్చారన్నాను. పైవాళ్లని కాకా పట్టాడన్నాను. మా ఆవిడ విని విని, "మరి ఆయన పని ఎలా చేస్తారండీ?" అని అడిగింది. నేను చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాను.

అంతటితో ఆగినా బాగుండేది. మొదటి వారంలోనే ఆయన ఆ అద్దాల గదిలోకి జిగురు డబ్బాలు, ఎండబెట్టాల్సిన టేకు చెక్కలు చేర్చాడు. ఫ్యాను కింద చెక్క బాగా ఆరుతుందట. తన కుర్చీని తెచ్చి షాపు మధ్యలో, పనివాళ్ల బల్లల పక్కన వేసుకున్నాడు. నేను నెల రోజులు కలలు కన్న గదిలో టేకు చెక్కలు గాలి పీల్చుకుంటుంటే, దాని ముందు నుంచి రోజుకి ఇరవై సార్లు నడవాల్సి వచ్చింది నాకు. పుండు మీద కారం చల్లినట్టుండేది.

పనివాళ్లు నన్ను సార్ అనేవారు. ఆయన్ని అన్న అనేవారు. ఫోర్‌మన్ని అన్న అనడమేమిటని నాకు మంట. మళ్లీ నన్నెవరూ అన్న అనరేమని ఇంకో మంట. ఆయన మాత్రం పై పోస్టులో ఉండి కూడా నన్ను సార్ అనేవాడు. వెటకారమేమోనని కొన్నాళ్లు చెవులు రిక్కించి విన్నాను. వెటకారం కాదు. అది మరీ కష్టంగా ఉండేది.

ఆయనలో లోపాలు పట్టుకోవాలని నేను చూసినంత శ్రద్ధగా ఆయన్ని ఇంకెవరూ చూసి ఉండరు. ఒకరోజు కొత్త డ్రాయింగొకటి వచ్చింది. లోపల బోలుగా, మెలికలు తిరిగిన గొట్టం లాంటి భాగం. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, చాలాసేపు చూసి, అందరూ వింటుండగా అన్నాడు.

"ఇది నాకు తెల్వది. ఎవలకన్న తెలుసా?"

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. ఫోర్‌మన్ అయినవాడు పనివాళ్ల ముందు తెలియదంటాడా? ఇంక వీడి మాట ఎవడు వింటాడు, అయిపోయాడు అనుకుని లోలోపల సంబరపడ్డాను. అప్పుడు నార్సింగి పెద్ద మేస్త్రి లేచి వచ్చాడు. షాపులో అందరికంటే పాత మనిషి. అక్షరం ముక్క రాదు, రోజూ నార్సింగి నుంచి సైకిలు మీద వస్తాడు. "జర ఇటియ్యే" అని సుద్దముక్క తీసుకుని నేల మీద గీసి చూపించాడు. రెండు ముక్కలుగా చేసి మధ్యలో అతకాలన్నాడు. ఫోర్‌మన్ కింద గొంతుక్కూర్చుని, "ఇంకోపాలి చెప్పే" అని మళ్లీ చెప్పించుకున్నాడు. ఆ నమూనా మొదటిసారికే సరిగ్గా వచ్చింది. ఆ తర్వాత షాపులో ఎవరికి ఏది తెలియకపోయినా లేచి అడగడం మొదలుపెట్టారు. అడగనివాడిని నేనొక్కడినే.

ఇంకొకటి గమనించాను. వర్క్స్ మేనేజరు కోపంగా వస్తే ఈయన అందరికంటే ముందు నిలబడేవాడు. మెచ్చుకోవడానికి వస్తే మాత్రం చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి పోయేవాడు. మెప్పు పనివాళ్లకి దక్కేది. ఇదంతా నాటకమని నాకు నేను చెప్పుకునేవాడిని. కానీ నాటకమాడేవాడు ఎప్పుడో ఒకసారి అలిసిపోవాలి కదా. ఈయన ఏళ్ల తరబడి కుళాయి దగ్గరికి పోతూనే ఉన్నాడు.

ఇప్పుడు స్కేళ్ల సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుంటుంది. అందుకని చెక్క నమూనాని అసలు కొలత కంటే కాస్త పెద్దదిగా చేస్తాం. లెక్క వేసుకునే పని లేకుండా దానికి వేరే స్కేళ్లుంటాయి. వాటి మీద గీతలే కొంచెం ఎడంగా ఉంటాయి. పోత ఇనుముకి ఒక స్కేలు, ఉక్కుకి ఒక స్కేలు. ఉక్కు దాదాపు రెట్టింపు కుంచించుకుంటుంది కాబట్టి దాని గీతలు ఇంకా ఎడం. మా షాపులో ఇనుము స్కేలు చివర ఎర్ర రంగు, ఉక్కు స్కేలు చివర నీలి రంగు పూసి ఉండేవి.

ఫోర్‌మన్ అయ్యాక ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఏ పనికైనా ముందు ఒక తెల్లటి పలక మీద పూర్తి సైజులో బొమ్మ గీస్తాం. ఆ గీతల్ని చూసే పనివాళ్లు చెక్క కోస్తారు. గీసినవాడు తాను వాడిన స్కేలుని ఆ పలకకే మేకు కొట్టి తగిలించాలి. పని పూర్తయ్యేదాకా దాన్ని అక్కడి నుంచి తీయకూడదు. అటు పోయేవాడెవడైనా ఇది ఏ స్కేలుతో గీసిందో చూడవచ్చు. చదువు రానివాడు కూడా రంగు చూస్తాడు. చిన్నపిల్లల బడిలాగా ఈ రంగులేమిటని నేను నవ్వాను.

ఆయన ఫోర్‌మన్ అయిన మూడో ఏడు ఒక పెద్ద పని వచ్చింది. మీటరున్నర పొడవున్న ఒక యంత్రపు చట్రం. పాతకాలం నుంచీ మేము చేస్తున్నదే. దాన్ని ఆయన నాకప్పగించాడు.

"లెక్కల మీ అంత గట్టోళ్లు ఈడ లేరు సార్. మీరే గీయాలె," అన్నాడు.

పొగిడాడని సంతోషించవచ్చు. నేను సంతోషించలేదు. పని చెప్పే హక్కు తనకుందని చూపిస్తున్నాడనుకున్నాను. రెండు రోజులు కూర్చుని పలక మీద బొమ్మ గీశాను. చట్రం ఎప్పుడూ పోత ఇనుమే కాబట్టి ఎర్ర స్కేలు తీసుకున్నాను, పద్ధతి ప్రకారం మేకుకి తగిలించాను. గీత అంటే గీతే. అంత శుభ్రంగా నేను మళ్లీ ఎప్పుడూ గీయలేదు. సంతకం పెట్టడానికి ఆయన వచ్చాడు.

"జర డ్రాయింగు మూలకు ఏం రాసిండ్రో సూసిండ్రా సార్? గీ నడుమ కొన్ని మారుస్తున్నరట," అన్నాడు.

"డ్రాయింగు చదవడం నాకు మీరు నేర్పనక్కర్లేదండీ," అన్నాను.

పక్క బల్లల దగ్గర రంపాలు ఆగిపోయాయి. ఆయన మొహం చిన్నబోయింది. ఇంకేం మాట్లాడకుండా, పలక వైపు కూడా చూడకుండా, కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాను. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఆయన్ని నేను తగ్గించగలిగాను.

పెద్ద మేస్త్రి, ఇంకో నలుగురు కలిసి మూడు వారాలు కష్టపడి ఆ నమూనా చేశారు. అచ్చు తీశారు, పోత పోశారు. రెండు చట్రాలు మెషిన్ షాపుకి వెళ్లాయి. ఒక సాయంత్రం షిఫ్టు దిగుతుంటే మెషిన్ షాపు మనిషి గేటు దగ్గర ఎదురై, చట్రాలు రెండూ కురచగా వచ్చాయని చెప్పాడు. చెక్కడానికి లోహమే మిగల్లేదు, రెండూ తుక్కు కిందే లెక్క అన్నాడు. నేను వెనక్కి పరుగెత్తి డ్రాయింగు తీసి మూలకి చూశాను. చిన్న అక్షరాలతో ఉంది. ఈసారి ఇనుము కాదు, ఉక్కు అని.

ఆ రాత్రి అన్నం సహించలేదు. నా డిప్లొమా, నేను ఇన్నాళ్లూ ఎత్తి తిరిగిన తల, మా నాన్నగారికి రాసిన ఉత్తరం, అన్నీ గుర్తొచ్చాయి. వీటన్నిటికంటే ఎక్కువగా, ఆయన ముందు తలవంచాలన్న ఆలోచన నన్ను పీక్కుతింది. ఇంకెవరి ముందైనా వంచేవాడినేమో. పొద్దున్న సైరను మోగక ముందే షాపుకి వెళ్లాను. ఎవరూ రాలేదు. మేకుకున్న ఎర్ర స్కేలు తీసి, నీలి స్కేలు తగిలించాను. దాంతో ఏమవుతుందని అనుకున్నానో నాకే తెలియదు. గీతల మీద ఆ స్కేలు పెట్టి చూస్తే చాలు, దొంగ బయటపడతాడు. భయంలో అంతవరకు బుర్ర పనిచేయలేదు.

పది గంటలకి వర్క్స్ మేనేజరు వచ్చాడు. ఫోర్‌మన్, నేను, పెద్ద మేస్త్రి పలక ముందు నిలబడ్డాం. మిగతావాళ్లు పని చేస్తున్నట్టు నటిస్తున్నారు. మేనేజరు మేకు వైపు చూశాడు.

"స్కేలు సరైనదే ఉంది కదా. అంటే గీసినవాడు సరిగ్గానే గీశాడు. కోసినవాడే తప్పు కోశాడు," అంటూ పెద్ద మేస్త్రి వైపు తిరిగాడు. "రిటైరయ్యే వయసులో ఇదేం పనయ్యా?"

పెద్ద మేస్త్రి స్కేలు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఫోర్‌మన్ వైపు చూశాడు. నేను అప్పుడు నోరు తెరవాలి. తెరవలేదు. ఒక ముసలివాడి ఉద్యోగం పోతున్నా నేను ఆయన ముందు చిన్నబోకూడదనే చూసుకున్నాను.

ఫోర్‌మన్ పలక దగ్గరికి వెళ్లాడు. నీలి స్కేలు మేకు నుంచి తీసి గీత మీద పెట్టాడు. ఒక్క చూపు చూశాడు. మళ్లీ దాన్ని మేకుకే తగిలించి మేనేజరు వైపు తిరిగాడు.

"ముసలాయన గీత మీదనే కోసిండు సార్. గీతనే తప్పు. సూడకుండ దస్కత్ పెట్టింది నేను. తప్పు నాది."

"గీసిందెవరు?"

"సెక్షన్ నాది సార్. దస్కత్ నాది."

మేనేజరు ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆయనకి మెమో ఇచ్చారు. ఆ ఏడాది ఆయనకి రావాల్సిన పై పోస్టు వేరే షాపు ఫోర్‌మన్‌కి వెళ్లింది. ఆ సంగతి ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. నాతో మాట్లాడింది ఒక్కసారే, అదే రోజు మధ్యాహ్నం. పలక దగ్గర నేనొక్కడినే ఉన్నప్పుడు వచ్చి నిలబడ్డాడు.

"మీరు గట్ల అన్నంక నేను సూడాల్సింది సార్. మీ కోపానికి జంకిన. ఫోర్‌మన్ జంకొద్దు," అన్నాడు.

ఆయన తిట్టి ఉంటే నేను బాగుపడేవాడిని. తిట్టలేదు. నేను ఎదురుచూశాను. ఒక వారం, ఒక నెల, ఆరు నెలలు. ఏదో ఒకరోజు ఆ స్కేలు మాట ఎత్తుతాడు, నా తప్పుని నా మీదికి విసురుతాడు, అప్పుడు ఈయన కూడా నాలాంటివాడే అనుకుని హాయిగా నిద్రపోవచ్చని. ఎత్తలేదు. నాకు కృతజ్ఞత కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. నాకు అసూయ ఇంకా పెరిగింది. పోస్టు పోగొట్టుకుని కూడా ఈయన నాకంటే పైనే ఉన్నాడు. సీతాఫలాల రోజుల్లో ఎప్పటిలాగే గోపన్‌పల్లి నుంచి మా ఇంటికి ఒక గంప పంపించాడు. మా ఆవిడ తింటూ ఎంత తియ్యగా ఉన్నాయో చెబుతుంటే నేను వసారాలోకి వెళ్లి కూర్చున్నాను.

మరుసటి ఏడు సూపర్‌వైజర్లకి, ఫోర్‌మన్లకి క్యాంటీను హాల్లో మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఎక్కడి నుంచో ఒక పెద్దమనిషి వచ్చి, అందరికీ తలో కాగితం ఇచ్చి, పని చోట మంచి నాయకుడికి ఉండాల్సిన లక్షణాలు పది రాయమన్నాడు. నాకు రాతంటే హుషారు. గబగబా రాసుకుంటూ పోయాను. తెలియనిది తెలియదని చెప్పాలి. తిట్లకి ముందుండాలి, మెప్పుకి వెనకుండాలి. గదిలో కాదు, పనిలో కూర్చోవాలి. చిన్నవాడి దగ్గర కూడా నేర్చుకోవాలి. ఇలా తొమ్మిది రాశాక పైనుంచి చదువుకున్నాను. తొమ్మిదీ ఆయనవే. కష్టపడి ఆయన లోపాలు వెతుకుతూ నేను పోగేసిన సరుకంతా ఇదన్నమాట. ఆ కాగితం నలిపి జేబులో పెట్టుకుని ఇంకోటి తీసుకున్నాను. అందులో ఏం రాశానో గుర్తు లేదు. గంభీరమైన కంఠం, ఇంగ్లీషులో ప్రావీణ్యం లాంటివేవో.

అప్పుడు పక్క బెంచీ నుంచి ఆయన నా వైపు వంగాడు.

"సార్, జర నాది గూడ మీరే ఇంగ్లీషుల రాయిండ్రి. నేను చెప్త."

నేను కలం పట్టుకున్నాను.

"తప్పు జేసినోడు భయం లేకుండ వచ్చి చెప్పుకునేటట్టు ఉండాలె. గంతే, రాయిండ్రి."

ఆయన నా మొహం చూడలేదు, క్యాంటీను కిటికీలోంచి బయట బండరాళ్ల వైపు చూస్తున్నాడు.

"పది రాయమన్నారండీ," అన్నాను ఎలాగో.

"ఉన్న ఒక్కటే నాకింక రాలే సార్. పది యాడికెల్లి తేవాలె?"

ఆ వాక్యాన్ని నేను నా చేత్తోనే ఇంగ్లీషులో రాసి ఆయనకిచ్చాను. ఇంతకంటే తలుపు బార్లా తీసి ఎవరూ నిలబడరు. అయినా నేను లోపలికి అడుగు పెట్టలేదు. నా తప్పుని ఆయన తన చేతకానితనం కింద లెక్క వేసుకుంటున్నాడని తెలిసి కూడా పెట్టలేదు.

ఇంకో రెండేళ్లకి ఆయన్ని దూరంగా వేరే ఫ్యాక్టరీకి మార్చారు. ఫోర్‌మన్ పోస్టుకి ఆయన నా పేరే సిఫారసు చేశాడని మేనేజరు చెప్పాడు. ఎన్నాళ్లో ఎదురుచూసిన ఆర్డరు చేతికొచ్చినా నాకు రుచించలేదు. అది కూడా ఆయన చేతి మీదుగానే రావాలా అని కుళ్లుకున్నాను.

వీడ్కోలు షాపులోనే జరిగింది. బల్లలు పక్కకి జరిపి, నేల ఊడ్చి, రెండు దండలు తెచ్చారు. పనివాళ్లంతా కలిసి టేకుతో ఒక పీట చేసి ఇచ్చారు. ఒక్క మేకు లేదు, అంతా అతుకులే. నన్ను మాట్లాడమన్నారు. ఆ రోజు చెప్పేద్దామనే ఇంటి దగ్గర అనుకుని బయలుదేరాను. లేచి నిలబడ్డాను. శిక్షణ రోజున నలిపి దాచుకున్న కాగితంలోని తొమ్మిది లక్షణాలూ నాకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే చెప్పాను, బాగా చెప్పాను, చప్పట్లు మోగాయి. తొమ్మిదోది అయ్యాక ఆయన నా వైపే చూస్తున్నాడు. పనివాళ్లు కూడా చూస్తున్నారు. చప్పట్లు కొట్టడానికి ఎవరూ తొందరపడలేదు. చెబుదామనుకున్నది చెప్పడానికి ధైర్యం చాలలేదు. "ఇంతటితో సెలవు తీసుకుంటున్నాను" అని కూర్చున్నాను.

తర్వాత కుళాయి దగ్గర మిఠాయి జిగురు కడుక్కుంటుంటే పెద్ద మేస్త్రి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన కూడా ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

"మంచిగ మాట్లాడిండ్రు సార్," అన్నాడు. తనూ చేతులు తడుపుకుంటూ, "ఇయ్యాల చెప్తరనుకున్నం," అన్నాడు.

"ఏం చెబుతాననుకున్నారు?"

"ఇరవై దినాలు ఆ మేకుకు ఎర్రది సూసినం సార్, ముప్పై మందిమి. ఒక్క పొద్దుకు నీలిదెట్లైతది?"

కుళాయి పారుతూనే ఉంది. నేను కట్టడం మర్చిపోయాను. ఆయనే కట్టాడు.

"మేం ఆనాడే మేనేజరుకు చెప్తమన్నం. అన్న ఒద్దన్నడు. 'ఎవలు నోరు తెరవొద్దు, సార్ మంచి మనిషి, భయపడ్డడు, ఆయనంత ఆయనే చెప్తడు' అన్నడు. ఇగ సూస్తున్నం సార్. ఏండ్లాయె."

అంటే నేను దాచుకున్నదేమీ లేదు. నేను తల ఎత్తుకుని ఆ షాపులో తిరిగిన ప్రతిరోజూ, ముప్పై మంది నా తప్పు తెలిసే సార్, సార్ అన్నారు. నా నోటి నుంచి రావాల్సిన ఒక్క మాట కోసం వాళ్లు కాచుకున్నారు. వాళ్లని అలా కాచుకోమన్నది ఆయన. నా మీద నాకు లేని నమ్మకం ఆయనకుంది. ఆ క్షణంలో కూడా నాకు ముందు తోచినది అసూయే. ఒక మనిషిని అలా నమ్మగలగడం నాకెందుకు రాలేదా అని.

మర్నాడు పొద్దున్న సైరను మోగగానే, ఇంకా ఎవరూ ఉలి ముట్టక ముందే, వాళ్లని పలకల దగ్గరికి పిలిచాను. అద్దాల గదిలోకి వెళ్లలేదు. ఎర్ర స్కేలు చేతిలో పట్టుకుని, ఆ చట్రం గీసింది నేనేనని, స్కేలు మార్చింది నేనేనని, పెద్ద మేస్త్రి మీదికి నింద వస్తుంటే నోరు మూసుకున్నది కూడా నేనేనని చెప్పాను. పెద్ద మేస్త్రి ముందుకొచ్చి నా చేతిలోంచి స్కేలు తీసుకున్నాడు.

"మాకెరికే సార్," అన్నాడు నెమ్మదిగా. "అన్న పొద్దుగాల బండికే పోయిండు. నిన్న చెప్తె ఇనేటోడు."

స్కేలుని దాని చోట పెట్టి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. రంపాలు మొదలయ్యాయి. ఆ ఫోర్‌మన్ కుర్చీలో నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. కుర్చీని షాపు మధ్య నుంచి కదపలేదు, గదిలో ఫ్యాను టేకు చెక్కలకే వదిలేశాను. పనివాళ్లు నా మాట విన్నారు, నన్ను గౌరవించారు. రిటైరైన రోజు దాకా సార్ అనే పిలిచారు.